ఇంటిపేర్ల జల్లెడ

కోటిలింగం ముక్కు గురించి మార్టూరు చుట్టుపక్కల ఎనిమిది ఊళ్లకు తెలుసు. పెళ్లివారి గుమ్మం ముందు చెప్పులు విప్పుతూనే, పెరట్లో మూతపెట్టి ఉన్న నెయ్యిలో ఏం కలిసిందో చెప్పేవాడు. మెల్లగా చెప్పి ఊరుకునే రకం కాదు. పెళ్లికొడుకు తండ్రిని పిలిచి నలుగురిలో చెప్పేవాడు. అతన్ని వంటకు పిలిచేవాళ్లు ఎంతమందో, పిలిచినందుకు నాలుక కరుచుకునేవాళ్లూ అంతమందే.

వయసు అరవై ఒకటి. చదువు ఊరిబడిలో అయిదో తరగతి. భార్య వెంకాయమ్మ పోయి ఆరేళ్లయింది.

సొంత ఊరు తంగెడుపాలెం. ఊరి చివర పొగాకు కాల్చే పాత బ్యారన్లు నాలుగున్నాయి. ఏదో మందుల కంపెనీవాళ్లు వాటినిండా ఇనప పీపాలు దించిపోయారు. పీపాలు తుప్పుపట్టి కారాయి. కారింది భూమిలో ఇంకి బావుల్లోకి దిగింది. వెంకాయమ్మ ఆ నీళ్లు తాగింది, మంచం పట్టింది, పోయింది. విచారణకొచ్చిన అధికారి బడి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఊరంతా వరసలో నిలబడి ఒకటే మాట చెప్పింది. "మాకేం తెలవదండీ." బ్యారన్ల తాళంచెవి ఎవరి చేతిలో ఉండేదో ఆ సాంబయ్య ఆ మాత్రం కూడా చెప్పలేదు. తలొంచుకుని నిలబడ్డాడు.

కోటిలింగం ఆ సాయంత్రమే ఇంటికి తాళం పెట్టి మార్టూరు వచ్చేశాడు. అప్పట్నుంచి తంగెడుపాలెంవాళ్ల పెళ్లికి పొయ్యి ముట్టించలేదు. ఎవరన్నా సాంబయ్య పేరెత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

డాక్టర్ రిజ్వానా అతన్ని ఒక తురకల పెళ్లిలో, వలీమా విందు దగ్గర పట్టుకుంది. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు. రసాయనశాస్త్రంలో పెద్ద చదువు చదివి, అద్దంకి రోడ్డులో ప్రయోగశాల పెట్టింది.

"బాబాయ్, ఆ నెయ్యి కల్తీదని ఎట్టా చెప్పావు?"

"ముక్కుతో."

"ముక్కు నాకూ ఉంది."

"నీది మొహానికి నిండుదనం కోసమమ్మా. పని చెయ్యదు."

ఆమె పడీపడీ నవ్వింది. తెల్లారి ఆటో పంపించింది.

ప్రయోగశాల గోడమీద ఒక పెద్ద పటం ఉంది. కర్బనంతో తయారయ్యే పదార్థాలన్నీ చెట్టుకొమ్మల్లా విడదీసి గీశారు. ముందు రెండు కొమ్మలు: గొలుసులు, ఉంగరాలు. వాటిలో మళ్లీ కొమ్మలు.

"ఈ కర్బనం లక్షలరకాల పదార్థాలు కడుతుంది బాబాయ్. కొన్ని సాగిన గొలుసులు. కొన్ని కొసలు కలిసిన ఉంగరాలు. ఇంత సంతలో ఎవరెవరో తెలుసుకోవడానికే ఈ పటం."

కోటిలింగం పటం జోలికి పోలేదు. బల్లమీద నలభై చిన్న సీసాలుంటే ఒక్కొక్కటీ మూతతీసి, చేత్తో గాలి విసురుకుని, పక్కకు నెట్టడం మొదలుపెట్టాడు. గంటలో సీసాలు ఎనిమిది గుంపులయ్యాయి.

"ఇయ్యి పుల్లటోళ్లు. ఇయ్యి మత్తోళ్లు. ఇయ్యి పండ్లోళ్లు. ఇదంతా ఉల్లిపాయ సంతానం."

రిజ్వానా సీసాల అడుగున అంటించిన పేర్లు చూసింది. పుల్లటివాళ్లంతా ఆమ్లాలు. మత్తువాళ్లంతా ఆల్కహాళ్లు. పండ్లవాళ్లంతా ఎస్టర్లు. గొలుసులో ఉన్నా ఉంగరంలో ఉన్నా, అంచున వేలాడే పరమాణువుల గుంపును బట్టి అతను సరిగ్గా విడదీశాడు.

"గొలుసా ఉంగరమా అనేది చూళ్లేదేం?"

"అది ఊరమ్మాయ్. ఏ ఊళ్లో కాపరమున్నాడో చెప్పుద్ది. గుణం ఊరితో రాదు, ఇంటిపేరుతో వస్తది. ఊరు మారినా ఇంటిపేరు మారదు."

ఆమె ఒక పుల్లటిదాన్నీ ఒక మత్తుదాన్నీ గాజు గొట్టంలో కలిపి, రెండు చుక్కల గాఢామ్లం వేసి వేడిచేసి, ముందుకు చాపింది. అరటిపండు వాసన గుప్పుమంది. కోటిలింగం కళ్లు చిట్లించాడు.

"అయితే పండ్లోళ్లు ఈ రెండిళ్ల పిల్లలా? చూడు మరి, తండ్రి ఇంటిపేరూ పెట్టుకోలా, తల్లిదీ పెట్టుకోలా. పోకిరీ సంత."

అప్పుడు ఆమె అతన్ని లోపలిగదిలోకి తీసుకెళ్లి జల్లెడ చూపించింది. బీరువా అంత స్టీలు పెట్టె. పైన గరాటు, కింద వరసగా ఎనిమిది సన్నకుళాయిలు, ఒక పక్కన పెద్ద కుళాయి. లోపల ఒక పొర ఉంది. మనిషి ముక్కులోని కణాల నుంచి పెంచిన సజీవమైన పొర. పైనుంచి మురికినీళ్లు పోస్తే, అది ఒక్కొక్క ఇంటిపేరువాళ్లనీ పట్టి ఒక్కొక్క సన్నకుళాయి గుండా బయటికి పంపిస్తుంది. పెద్ద కుళాయిలో మంచినీళ్లు మిగలాలి.

"మిగలాలి అంటన్నావు. మిగల్లేదా?"

"పొరకు ఇంకా ఎవర్నీ గుర్తుపట్టడం రాదు బాబాయ్. వాసన బాగా ఎరిగిన ముక్కు పక్కన కూర్చుని నేర్పాలి. నేర్పితే..." ఆమె ఆగింది. "నేర్పిన ముక్కులో ఆ వాసన ఉండదు. పొరలోకి పోతుంది. తిరిగి రాదు. ఒక్క వాసన కాదు, ఆ ఇంటిపేరు మొత్తం."

"ఎనిమిదిళ్లూ నేర్పితే?"

"నువ్వు వంట చెయ్యలేవు."

"ఒక్కిల్లు ఉంచుకుంటే?"

"ఆ ఒక్క ఇంటివాళ్లు నీళ్లలో మిగిలిపోతారు. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు."

"తంగెడుపాలెం బావి నీళ్లు బాగుపడతాయా?"

"దానికోసమే చేస్తున్నా."

కోటిలింగం భుజంమీద తువ్వాలు తీసి కుర్చీ దులిపి కూర్చున్నాడు.

మొదట కిరసనాయిలు ఇంటివాళ్లను ఇచ్చేశాడు. ముక్కుకు గొట్టం పెట్టుకుని, అన్నం ఉడికేంతసేపు వాసన పీల్చాడు. లేచేసరికి కిరసనాయిలు డబ్బాలో మొహం పెట్టినా ఏమీ లేదు. పీడా పోయిందనుకున్నాడు. రెండో వారం మత్తువాళ్లను ఇచ్చాడు. కల్లుదుకాణం ముందునుంచి ఏమీ తెలియకుండా నడిచిపోయి, దారినపోయేవాళ్లకు ఆ సంగతి చెప్పుకుని మురిశాడు. మర్నాడు వంటకెళ్లి ధనియాలు దోసిట్లోకి తీసుకుంటే ఇసకలా ఉన్నాయి. పెళ్లికూతురి మెళ్లో గులాబీదండ కాగితపుదండలా ఉంది.

"ధనియాలకీ కల్లుకీ ఏం చుట్టరికం?" అని రిజ్వానాను నిలదీశాడు.

"ఇంటిపేరు ఒకటే బాబాయ్. ధనియాల్లో ఉన్నదీ ఆల్కహాలే."

"ముందే చెప్పొద్దూ?"

"నువ్వేగా ఊరు చూడక్కర్లేదు, ఇంటిపేరు చాలన్నావు. ఇంటిపేరోళ్లంతా పోయారు."

మూడోది పుల్లటి ఇల్లు. అది పోయాక మార్టూరు బస్సులో ఎండాకాలం మధ్యాహ్నం నిలబడి వెళ్లినా హాయిగా ఉంది. కానీ పుల్లమజ్జిగ, పేరిన నెయ్యి, ఊరిన పిండి అన్నీ దాంతోపాటే పోయాయి. నెయ్యి మంచిదో కాదో చెప్పలేని కోటిలింగాన్ని ఎవరు పిలుస్తారు? అయినా నాలుగోసారి వచ్చి కూర్చున్నాడు. గొట్టం పెట్టగానే ముక్కువెంట రక్తం ధారగా కారింది. రిజ్వానా గొట్టం పీకేసింది.

"ఇక చాలు. ఇంకొక్కటి ఇచ్చినా, ఉన్నవన్నీ ఒక్కసారే ఆరిపోతాయి."

"పోనీ."

"పోతే పొరకు ఎవరు నేర్పుతారు? నీ మొండితనమా?"

అతను ఇంటికి పోయి పడుకున్నాడు. రిజ్వానా మాత్రం ఊరుకోలేదు. తంగెడుపాలెంలో వాగు పూడిక తీయాల్సి వస్తే ఇంటికో మనిషి రావడం కట్టుబాటు. ఆమె ఆ సంగతి ఎక్కడో విన్నది. ఆటోకు మైకు కట్టించి వీధివీధీ తిప్పింది. "ఇంటికో ముక్కు! ఆదివారం పొద్దున బడి వరండాలో! ఇంటికో ముక్కు!"

ఆదివారం ముప్పయ్యొక్క మంది వచ్చారు. కోటిలింగాన్ని మాట చెప్పకుండా ఆటోలో తెచ్చి వాళ్ల ముందు దించింది. అతను వరండా చూశాడు, మనుషుల్ని చూశాడు.

"ఈళ్లకి నోళ్లే లేవనుకున్నానమ్మాయ్. ముక్కులు కూడా ఉండాయా?"

చేపలమ్మే దానమ్మ ఒక్కతే అంది, "తిట్టు బావా, తిట్టు. తిట్టినంతసేపు తిట్టి, తర్వాత పాఠం చెప్పు. అవతల చేపలు చెడిపోతన్నాయి."

అట్లా మొదలైంది బడి. ఎరగని వాసన ఎవరూ ఇవ్వలేరు కాబట్టి, ముందు ప్రతివాళ్లూ తామిచ్చే ఇంటిని క్షుణ్ణంగా ఎరగాలి. కోటిలింగం వరండాలో డబ్బాలు పరిచాడు. జీలకర్ర, దాల్చినచెక్క, కొత్తిమీర ఒక ఇంటివాళ్లని చెప్పాడు. వాము, లవంగం ఇంకో ఇంటివాళ్లన్నాడు. ఇంగువ తన పొలిమేరలో ఉల్లిపాయను, వెల్లుల్లిని తప్ప ఎవర్నీ రానివ్వదన్నాడు. తప్పు చెప్పినవాణ్ణి వెనక్కి తిప్పి మళ్లీ వాసన చూపించాడు. మూడోసారి తప్పు చెబితే, "నీ ముక్కు ముక్కుపొడుముక్కూడా చాలదు, ఇంటికి పో" అన్నాడు. ఎవరూ ఇంటికి పోలేదు.

షుగరున్న రిటైర్డు మాస్టారు పండ్ల ఇంటిని కోరుకున్నాడు. ఎట్లాగూ తినకూడని మామిడిపండు వాసన మాత్రం ఎందుకన్నాడు. అందరికన్నా ముందు లేచింది మాత్రం కిరాణాకొట్టు కామేశ్వరమ్మ.

"చేపల ఇల్లు నేనిస్తానండీ. మేము తినం గదా. పీడ విరగడవుతుంది."

"తెలియంది ఇయ్యలేవు తల్లీ," అన్నాడు కోటిలింగం. "ముందు చేప ఎరగాల."

వారం రోజులు కామేశ్వరమ్మ దానమ్మ బుట్ట పక్కన ముక్కుకు పైట అడ్డంపెట్టుకుని కూర్చుంది. రెండోరోజు పైట తీసింది. నాలుగోరోజు, "ఇది నిన్నటిదేమో దానమ్మా" అంది. దానమ్మ గుండెమీద చెయ్యేసుకుంది.

"చూశావా బావా! కోమట్లమ్మ నా యాపారం చెడగొడతంది!"

అయిదు వారాల్లో మిగిలిన అయిదిళ్లూ అయిదు ముక్కుల్లోంచి పొరలోకి వెళ్లాయి. చివరిది ఇచ్చిన మధ్యాహ్నమే రిజ్వానా జల్లెడను లారీలో తెచ్చి బావి పక్కన దించింది. మోటారు వేశారు. ఎనిమిది సన్నకుళాయిల్లో ఎనిమిది రకాల జిడ్డు చుక్కచుక్కగా పడుతుంటే జనం ఈలలు వేశారు. పెద్ద కుళాయి తిప్పారు. నీళ్లు తేటగా వచ్చాయి. తేటగా వచ్చి, కంపు కొట్టాయి.

ఈలలు ఆగిపోయాయి. రిజ్వానా పరీక్ష కాగితం ముంచింది. కాగితం ఎర్రబడింది.

"ఎవరో మిగిలిపోయారు" అంది.

కోటిలింగం నీళ్ల దగ్గరకొచ్చి వంగాడు. "చేపకంపు. చేపల ఇల్లే ఇది. పొరకి సరిగ్గా నేర్పలా."

కామేశ్వరమ్మకు రోషమొచ్చింది. ముందుకొచ్చి చెంబు లాక్కుని తనూ వాసన చూసింది. మొహం ముడుచుకుంది. "నాకు చేప వాసన పూర్తిగా పోయింది గదండీ. దానమ్మ బుట్టలో తలపెట్టినా తెలియట్లేదు. మరి ఇదేంటి, నాకు కంపు కొడుతోంది?"

రిజ్వానా తన నుదుటిమీద తనే కొట్టుకుని, వరండాలోని నల్లబల్ల దగ్గరికి పరిగెత్తింది. రెండు ఉంగరాలు గీసింది. మొదటిదాని బయట ఒక చుక్క వేలాడదీసింది. రెండోదాంట్లో ఉంగరం చుట్టులోనే ఒక కర్బనాన్ని చెరిపి, ఆ స్థానంలో చుక్క పెట్టింది.

"ఈ చుక్క నైట్రోజన్. బయట వేలాడితే చేపల ఇల్లు. అది నిజమే. ఈ రెండోవాడికీ చేపకంపు కొంచెం ఉంటుంది. నైట్రోజన్ ఉంది గదా, ముక్కు కూడా ఒప్పుకుంది గదా అని నేనూ బాబాయీ ఇద్దర్నీ ఒకే ఇంట్లో కట్టేశాం. ఇంటర్మీడియట్ పిల్లలు కూడా చెయ్యని తప్పు చేశాను."

జనానికి ఏమీ అర్థం కాలేదు. వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డ సాంబయ్య మెల్లగా నోరు విప్పాడు. అయిదు వారాలుగా వచ్చి ఆ స్తంభం దగ్గరే నిలబడుతున్నాడు. ఎవరూ ముందుకు రమ్మనలేదు.

"అమ్మా, ఆ లోపల కూర్చున్నోడు ఇల్లరికం వచ్చాడా?"

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. సాంబయ్య ముప్ఫై ఏళ్ల కిందట ఆ ఊరికి ఇల్లరికం వచ్చినవాడు. రిజ్వానా నవ్వలేదు.

"అవును బాబాయ్. అట్టాంటివాడే."

"అయితే వాణ్ణి పుట్టింటి లెక్కలో రాయొద్దు. అత్తింటోళ్లు మావోడన్నా నమ్మొద్దు. వాడి గుణం వేరైపోద్ది. వాడిది తొమ్మిదో ఇల్లు." అని, ఎవర్నీ చూడకుండా మళ్లీ అన్నాడు. "ఈ ఊళ్లో అల్లుడు అల్లుడనే పిలిచారు గానీ మనిషని పిలవలా. బ్యారన్ల తాళం చేతికిస్తే పెద్దమనిషినయ్యాననుకున్నా. అట్టా అనుకోబట్టే ఇదంతా."

అందరూ కోటిలింగం వైపు తిరిగారు. అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"డాక్టరమ్మా, ఇల్లరికం సంగతి ఆ మనిషి చెప్పింది రైటు. మిగతాది నాకేం వినపళ్లా."

తొమ్మిదో ఇంటివాళ్లెవరో తేల్చి, రిజ్వానా వాళ్ల సీసాలు వెతికి తెచ్చింది. కోటిలింగం మూత తీసి, ఆ చేపకంపు వెనక ఉన్నదేమిటో ఈసారి పట్టుకున్నాడు. పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. వేగుతున్న వాసన. బాణలిలో ఎర్రబడే వేరుశనక్కాయలు, దోరగా వేగే కందిపప్పు, కాఫీగింజలు. మాడకముందు ఒక్క క్షణం వచ్చే వాసన. వంటవాడు ఆ క్షణాన్ని కంటితో చూడడు, ముక్కుతో పట్టుకుంటాడు. అదొక్కటీ ఉన్నంతకాలం తను వంటవాడే.

తంగెడుపాలెం వేరుశనగ పండించే ఊరు. ఎవరూ కదల్లేదు. కోటిలింగం జల్లెడ పక్కన, గొట్టం ముందు వేసిన కుర్చీ వైపు నడిచాడు.

"రక్తం కారుద్ది బాబాయ్! ఉన్నదంతా పోతుంది!"

"ఆరేళ్లనుంచి పోయే ఉండా. అడ్డం లే."

అతను చేరేలోపు కుర్చీలో సాంబయ్య కూర్చున్నాడు.

కోటిలింగం ఒళ్లు మండిపోయింది. అన్నీ చేసి, ఇప్పుడు ఇదొక్కటి ఇచ్చేసి గంగలో మునిగి పాపం కడుక్కున్నట్టు లేద్దామనుకుంటున్నాడు ఈ సాంబయ్య. కాలర్ పట్టుకుని లేపుదామనుకున్నాడు. కానీ ఎరగని వాసన ఇవ్వలేరు. సాంబయ్యకు వేపుడు నేర్పాలంటే ఈ చుట్టుపక్కల తనకన్నా మేస్త్రీ లేడు. బావి ముందుంది.

మూడు రోజులు బడి వరండాలో పొయ్యి వెలిగింది. రిజ్వానా మధ్యలో కూర్చుంది.

"డాక్టరమ్మా, ఆ మనిషికి చెప్పు. ఇది పచ్చి. ఇప్పుడు తిరిగింది. ఇదుగో, ఇదీ ఆ ఇల్లు!"

"బాబాయ్, ఇదీ ఆ ఇల్లు" అంది రిజ్వానా, మూడడుగుల దూరంలో ఉన్న సాంబయ్యతో.

"తెలిసిందని చెప్పమ్మా."

"తెలిసిందట బాబాయ్."

"తెలవలేదని చెప్పు. కళ్లు మూసుకుని చూడమను. ముక్కుకి కళ్లు అడ్డం."

దానమ్మ దూరంనుంచి అరిచింది, "ఇద్దరి మధ్యా టెలిఫోన్ పెట్టుకోండయ్యా, పాపం ఆ పిల్ల గొంతు పోతంది!"

మూడోరోజు సాయంత్రానికి వరండా మెట్లమీద వేరుశనక్కాయల పొట్టు మోకాలెత్తు పేరుకుంది. ఊరిజనమంతా పాఠంలో వేగినవి తిన్నారు. సాంబయ్య కళ్లు మూసుకుని, "ఇప్పుడు దించు, మాడుద్ది" అన్నాడు. కోటిలింగం అంతకు అరక్షణం ముందే బాణలి ఎత్తాడు. అరక్షణం తేడా. మామూలు మనిషికి అంతకన్నా రాదు.

నాలుగోరోజు పొద్దున సాంబయ్య తొమ్మిదో ఇల్లు ఇచ్చేశాడు. లేచి, అలవాటుగా జేబులోంచి వేయించిన శనక్కాయ తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మట్టిగడ్డ నమిలినట్టు నమిలి, మింగాడు.

రిజ్వానా జల్లెడకు తొమ్మిదో సన్నకుళాయి అతికించింది. మోటారు వేశారు. పెద్ద కుళాయి తిప్పారు. కాగితం తెల్లగా ఉండిపోయింది. ముందు దానమ్మ తాగింది. తర్వాత కామేశ్వరమ్మ. తర్వాత తోసుకోవడం మొదలైంది. మాస్టారు నీళ్లలో జారిపడి, లేవకుండా అక్కడే కూర్చుని నవ్వాడు.

కోటిలింగం దోసిలి పట్టాడు. నీళ్లకు ఏ వాసనా లేదు. తన ముక్కులో లేదో, నీళ్లలో లేదో తేల్చుకోవడానికి పక్కనున్న నలుగురికీ ఆ దోసిలి చూపించాడు. లేదన్నారు నలుగురూ. అప్పుడు తాగాడు. వెంకాయమ్మ పేరు పైకి అనలేదు. రెండో దోసిలి పట్టి నేలమీద వదిలాడు.

మర్నాడు ఆ నీళ్లతోనే బడి వరండాలో ఊరందరికీ వంట. ఆరేళ్లలో మొదటిసారి తంగెడుపాలెం విందుకు కోటిలింగం పొయ్యి ముట్టించాడు. పప్పు వేయించడంలో తనకు తిరుగులేదు. పోపు క్షణం తప్పలేదు. జీలకర్ర అందిందో లేదో కూడా తనకు తెలుస్తూనే ఉంది. సాంబారు పెద్ద గుండిగలో తెర్లుతుంటే మాత్రం ధనియాలపొడి డబ్బా పట్టుకుని ఆగిపోయాడు. ఎంత వేశాడో కంటికి తెలుసు. చాలిందో లేదో ముక్కుకు తెలియదు.

చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. ఆ గుండిగను ఒక్క ముక్కుతో పూర్తిగా వాసన చూడగల మనుషులు ఇవాళ ఆ వరండామీద చాలామందే ఉన్నారు. దానమ్మ ఉంది. అడిగితే చెబుతుంది.

కోటిలింగం గరిటెనిండా సాంబారు తీసి, స్తంభం వైపు చాపాడు.

"ధనియాలు చాలినయ్యా?"

రిజ్వానా అలవాటు కొద్దీ, "బాబాయ్, ధనియాలు..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుంది.

సాంబయ్య స్తంభం వదిలి వచ్చాడు. వంగాడు, కళ్లు మూసుకున్నాడు.

"చాల్లా. ఇంకో పిడికెడు పడాల."

నలభై ఏళ్లలో కోటిలింగం సాంబారుకు చాల్లేదన్న మొగాడు లేడు. అతను డబ్బాలో చెయ్యిపెట్టి పిడికెడు తీశాడు. ఆలోచించాడు. సగం తిరిగి డబ్బాలో పోసి, మిగతా సగం గుండిగలో వేసి కలిపాడు. మళ్లీ గరిటె చాపాడు.

సాంబయ్య వాసన చూశాడు.

"ఇంకో అర పిడికెడు" అన్నాడు.

ఊరంతా గొల్లున నవ్వింది. కోటిలింగం నవ్వలేదు. డబ్బా అట్లాగే తెరిచి, అతని ముందు పెట్టాడు.